లెక్క అభ్యర్థికి, డబ్బు పార్టీకి: ఎన్నికల ఖర్చు చట్టంలో యాభై ఏళ్ల నాటి కన్నం

కాకినాడ జిల్లా తాళ్లరేవు మండలం పొలిమేర దాటితే పుదుచ్చేరికి చెందిన యానాం. అటూ ఇటూ ఒకే భాష, ఒకే గోదావరి, కలగలిసిన చుట్టరికాలు. ఎన్నికల ఖర్చు దగ్గర మాత్రం రెండు లెక్కలు. యానాంలో ఓటర్లు 40 వేల లోపే. అక్కడ ఎమ్మెల్యే అభ్యర్థి చట్టప్రకారం 28 లక్షల రూపాయల దాకా ఖర్చు పెట్టుకోవచ్చు. తాళ్లరేవు ముమ్మిడివరం నియోజకవర్గంలో ఉంది. అక్కడ ఓటర్లు 2 లక్షలు దాటారు, పరిమితి 40 లక్షలు. తలకింత అని భాగిస్తే యానాంలో 70 రూపాయలకు పైనే పడుతుంది, ముమ్మిడివరంలో 20 కూడా పడదు.

లోక్‌సభకు వస్తే ఈ తేడా ఇంకా పెద్దది. మల్కాజిగిరిలో 2019 నాటికే ఓటర్లు 31 లక్షలు దాటారు. ఇప్పుడున్న 95 లక్షల పరిమితిని ఆ సంఖ్యతో భాగిస్తే ఓటరుకు 3 రూపాయలు. కవరు మీద అంటించే 5 రూపాయల తపాలా బిళ్లకు కూడా ఆ డబ్బు చాలదు. లక్షద్వీప్‌లో ఓటర్లు దాదాపు 57 వేలు, పరిమితి 75 లక్షలు, అంటే తలకు 130 రూపాయలు. రాష్ట్రం పెద్దదా చిన్నదా అని చూసి పరిమితి పెట్టారు తప్ప ఒక్కో నియోజకవర్గంలో ఎందరు ఓటర్లున్నారో చూడలేదు.

ఈ అంకెలు 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 90వ నియమం కింద ఉంటాయి. ఎన్నికల సంఘం సిఫారసు చేస్తే కేంద్ర న్యాయశాఖ నోటిఫై చేస్తుంది. తొలి సార్వత్రిక ఎన్నికల్లో లోక్‌సభ అభ్యర్థి పరిమితి 25 వేలు. 2014లో అది 70 లక్షలయింది. 2020లో కోవిడ్ కారణంగా 10 శాతం పెంచి 77 లక్షలు చేశారు, 2022 జనవరిలో 95 లక్షలకు తెచ్చారు. పెద్ద రాష్ట్రాల అసెంబ్లీ పరిమితి అదే క్రమంలో 28 లక్షల నుంచి 40 లక్షలకు చేరింది.

పరిమితిని పెంచమనేవాళ్ల వాదన ఒకటే. ఈ అంకె వాస్తవానికి దూరంగా ఉంది కాబట్టే అందరూ దొంగలెక్క రాస్తున్నారు, పెంచితే నిజం చెబుతారు అని. మరి దాఖలైన లెక్కలు చూడండి. 2019లో గెలిచిన ఎంపీలు సగటున చూపిన ఖర్చు 50 లక్షల చిల్లర, నాటి 70 లక్షల పరిమితిలో 73 శాతం. 2014లో అది 58 శాతమే. పరిమితి చాలక అబద్ధం చెబుతున్నారంటే లెక్కలన్నీ పరిమితి అంచుకు తగులుతూ ఉండాలి కదా. అంతకన్నా బాగా కిందనే ఆగిపోతున్నాయంటే అసలు ఖర్చు అభ్యర్థి రాసే ఖర్చు రిజిస్టరులోకే రావడం లేదని అర్థం. ఎందుకు రావడం లేదో తెలియాలంటే రిజిస్టరు ఎలా నడుస్తుందో చూడాలి.

రంగు కాగితాల రిజిస్టరు

నామినేషన్ వేసే రోజుకు కనీసం ఒక రోజు ముందు అభ్యర్థి ఎన్నికల ఖర్చు కోసమే ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఆ ఖర్చంతా ఆ ఖాతాలోంచే పోవాలి. ఎన్నికల మొత్తంలో ఒకే వ్యక్తికి లేదా సంస్థకు 10 వేల రూపాయలు దాటితే చెక్కు, డ్రాఫ్టు లేదా ఆన్‌లైన్ బదిలీ రూపంలోనే ఇవ్వాలి. నామినేషన్ రోజు రిటర్నింగ్ అధికారి ఒక రిజిస్టరు చేతికిస్తారు. అందులో తెల్ల కాగితాలు రోజువారీ ఖర్చుకు, గులాబీ కాగితాలు నగదుకు, పసుపు కాగితాలు బ్యాంకు లావాదేవీలకు. ప్రచారం సాగుతుండగానే కనీసం మూడుసార్లు దాన్ని వ్యయ పరిశీలకుడి ముందు పెట్టాలి.

అధికారులు మరోవైపు తమ లెక్క తాము రాసుకుంటారు. దాని పేరు షాడో రిజిస్టరు. సభ జరిగితే వీడియో బృందం వెళ్లి కుర్చీలు, షామియానాలు, సౌండ్ బాక్సులు, వాహనాల నంబర్లు, ఫ్లెక్సీల కొలతలు అన్నీ చిత్రీకరిస్తుంది. మరో బృందం ఆ వీడియో చూసి లెక్క కడుతుంది. కుర్చీ అద్దె ఎంత, కండువా ఎంత, టిఫిన్ ఎంత అన్న రేట్ల పట్టికను జిల్లా ఎన్నికల అధికారి పార్టీలతో మాట్లాడి ముందే ఖరారు చేసి ఉంచుతారు. ఉదాహరణకు పట్టికలో కుర్చీ 10 రూపాయలు అనుకుందాం. వీడియోలో 5 వేల కుర్చీలు కనిపించాయి, అభ్యర్థి రిజిస్టరులో వెయ్యి రాశారు. తేడా 40 వేల రూపాయలు. అప్పుడు రిటర్నింగ్ అధికారి 24 గంటల్లో నోటీసు ఇస్తారు, అభ్యర్థి 48 గంటల్లో జవాబు చెప్పాలి. జవాబు రాకపోయినా, సరిపోకపోయినా అధికారుల అంకే అభ్యర్థి ఖాతాలో పడుతుంది.

ఫలితం వచ్చిన 30 రోజుల్లో పూర్తి లెక్క జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. అంతకు ముందే 26వ రోజున రెండు లెక్కలు సరిచూసుకోవడానికి సమావేశం పెడతారు. ఈ ఏర్పాటు కాగితం మీదే కాదు, ఆచరణలోనూ పకడ్బందీగానే ఉంది. జిల్లాల్లో ఈ పని చేసే సిబ్బంది రోజుకు పద్దెనిమిది గంటలు కష్టపడతారు. ఇంత కష్టపడినా వాళ్ల చేతికి దొరికేది చట్టం చూడమన్నది మాత్రమే.

చట్టం చూడొద్దన్నది చాలా ఉంది. మొదటిది కాలం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఖర్చు లెక్క నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించిన రోజు వరకే. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో నామినేషన్లు ఏప్రిల్ 18న మొదలయ్యాయి. తెలుగుదేశం 94 మంది పేర్లతో తొలి జాబితా ఇచ్చింది ఫిబ్రవరి 24న. వైఎస్సార్ కాంగ్రెస్ మొత్తం 175 మందినీ ప్రకటించింది మార్చి 16న. అభ్యర్థి ఎవరో ఊరంతటికీ తెలిసిన నెల, రెండు నెలల కాలం వ్యక్తిగత లెక్కకు బయటే ఉండిపోయింది. ముందే కొన్న సామాను నామినేషన్ తర్వాత వాడితే లెక్కలో చేర్చాలన్న నిబంధన ఉంది. అది జెండాలకు, కరపత్రాలకు పనికొస్తుంది. ముందే పెట్టిన భోజనాలకు, గుడికి ఇచ్చిన విరాళానికి, కుర్రాళ్లకు పంచిన క్రికెట్ కిట్లకు పనికిరాదు.

రెండోది స్టార్ క్యాంపెయినర్లు. గుర్తింపు పొందిన పార్టీ 40 మంది, గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీ 20 మంది పేర్లు ఇవ్వొచ్చు. నోటిఫికేషన్ వెలువడిన 7 రోజుల్లో జాబితా అందితే వాళ్ల హెలికాప్టరు, విమానం, కారు ఖర్చు ఏ అభ్యర్థి ఖాతాలోకీ రాదు. అభ్యర్థి వాళ్లతో కలిసి వేదికెక్కినా, వేదిక మీద అభ్యర్థి పేరో ఫొటోనో ఉన్నా, సభ ఖర్చులో అభ్యర్థికి వాటా పడుతుంది. ఇద్దరు ముగ్గురు అభ్యర్థులుంటే పంచుతారు. అందుకే కొన్ని భారీ సభల్లో అధినేత నిలువెత్తు కటౌట్ కనిపిస్తుంది గానీ స్థానిక అభ్యర్థి ఫొటో కనిపించదు. అలా చేస్తే ఖర్చంతా పార్టీ సాధారణ ప్రచారం కిందికి పోతుంది. దానికి పరిమితి లేదు.

మూడోది డమ్మీలు. పేరుకు స్వతంత్ర అభ్యర్థి. అతని పేర వాహనాలకు అనుమతులు తీసుకుంటారు, పోలింగ్ ఏజెంట్లను పెడతారు, అవన్నీ ప్రధాన అభ్యర్థికి పనిచేస్తాయి. బండి అద్దం మీది అనుమతి పత్రంలో ఉన్న పేరూ బండిలో ఉన్న జెండా సరిపోలకపోతే పట్టుకోవచ్చు, కొన్నిసార్లు పట్టుకుంటారు కూడా.

ఇక అభిమానుల ఖర్చు. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరైనా అతని గెలుపు కోసం డబ్బు ఖర్చు పెడితే నేరమే. భారత శిక్షాస్మృతి 171హెచ్ సెక్షన్ ప్రకారం దానికి జరిమానా 500 రూపాయలు. దశాబ్దాల పాటు అదే నడిచింది. భారతీయ న్యాయసంహిత 176వ సెక్షన్ దాన్ని 10 వేల దాకా పెంచింది. ఒక కూడలిలో నాలుగు పెద్ద ఫ్లెక్సీలు కట్టే ఖర్చుతో పోల్చుకుంటే ఆ జరిమానా ఎవరినీ ఆపదు. సోషల్ మీడియా పేజీల సంగతి సరేసరి. అభ్యర్థి అధికారిక ఖాతాల ఖర్చు లెక్కలోకి వస్తుంది, ఊరూపేరూ లేని పేజీ పెట్టిన ప్రకటన ఎవరిదో తేల్చేలోపు పోలింగ్ అయిపోతుంది.

1974 అక్టోబరులో రెండు వారాలు

పార్టీ ఖర్చుకు పరిమితి లేకపోవడం పొరపాటున జరిగింది కాదు. చట్టసభ తెలిసి చేసింది. అసలు కథ ఇక్కడే ఉంది.

1971 లోక్‌సభ ఎన్నికల్లో ఢిల్లీ సదర్ నుంచి గెలిచిన అమర్‌నాథ్ చావ్లా మీద కన్వర్‌లాల్ గుప్తా కేసు వేశారు. 1974 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అభ్యర్థికి తెలిసి, అతని సమ్మతితో, అతని గెలుపు కోసం పార్టీ పెట్టిన ఖర్చు అభ్యర్థి ఖర్చే అవుతుందని చెప్పి ఆ ఎన్నికను రద్దు చేసింది. జస్టిస్ పి.ఎన్. భగవతి రాసిన తీర్పులోని తర్కం నేటికీ చదవదగ్గది. డబ్బున్న పార్టీకి సామాన్యుడి కన్నా ఎక్కువగా ఓటరు చెవిలో మాట్లాడే అవకాశం రాకూడదనే పరిమితి పెట్టారు. పార్టీ డబ్బును లెక్క నుంచి తీసేస్తే ఆ పరిమితికి అర్థమే ఉండదని ఆయన వాదన.

సరిగ్గా పదహారు రోజులకు, అక్టోబరు 19న ఆర్డినెన్సు వచ్చింది. డిసెంబరులో అది చట్టమయింది. 77వ సెక్షన్‌కు ఒక వివరణ చేర్చారు. పార్టీ గానీ, మిత్రులు గానీ, మరెవరైనా గానీ పెట్టిన ఖర్చును అభ్యర్థి ఖర్చుగా చూడకూడదన్నది దాని సారం. 1975లో ఇందిరాగాంధీ కేసులోనూ, 1985లో మరో కేసులోనూ సుప్రీంకోర్టు ఆ వివరణ చెల్లుతుందని చెప్పింది. 1996లో కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో అదే కోర్టు పార్టీలు లెక్కలు చూపి తీరాలని గట్టిగా మందలించింది. 2003లో పార్లమెంటు ఆ వివరణను కుదించి నాయకుల ప్రయాణ ఖర్చు వరకే మినహాయింపు అన్నది. మిత్రుల పేరిట ఉన్న తలుపు అలా మూసుకుంది. కానీ పార్టీ తన పేరిట, అభ్యర్థి ఊసెత్తకుండా పెట్టే ఖర్చుకు ఏ సెక్షన్‌లోనూ పరిమితి పెట్టలేదు.

పార్టీలు లోక్‌సభ ఎన్నికల తర్వాత 90 రోజుల్లో, అసెంబ్లీ ఎన్నికల తర్వాత 75 రోజుల్లో ఖర్చు ప్రకటన ఇస్తాయి. 2024 లోక్‌సభ ఎన్నికలకు, వాటితో పాటు జరిగిన కొన్ని అసెంబ్లీ ఎన్నికలకు కలిపి బీజేపీ చూపింది దాదాపు 1,737 కోట్లు. లోక్‌సభకు కాంగ్రెస్ చూపింది దాదాపు 584 కోట్లు. బీజేపీ పోటీ చేసిన లోక్‌సభ స్థానాలు 440 పైచిలుకు. ఒక్కొక్కరికి 95 లక్షల చొప్పున వేసినా అభ్యర్థులందరి పరిమితీ కలిపి 420 కోట్ల దగ్గరే ఆగుతుంది. చట్టం కాపలా కాసేది ఆ చిన్న మొత్తానికే.

డబ్బు ఎక్కడి నుంచి: 2017లో రాజ్యసభ మాట

ఖర్చు సంగతి అలా ఉంటే రాబడి సంగతి మరో దారిలో నడిచింది. 1969లో కంపెనీల విరాళాలను పూర్తిగా నిషేధించారు. చెక్కు మూసుకుపోయింది, నగదు తెరుచుకుంది. 1985లో నిషేధం ఎత్తేసి గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 5 శాతం వరకు ఇవ్వొచ్చన్నారు. 2013 కంపెనీల చట్టం దాన్ని 7.5 శాతం చేసింది.

2017 ఆర్థిక బిల్లులో ఆ 7.5 శాతం పరిమితి ఎగిరిపోయింది. ఏ పార్టీకి ఎంత ఇచ్చారో కంపెనీ తన ఖాతాల్లో చూపాలన్న నిబంధన కూడా పోయింది. ఇచ్చినవారి పేరు బయటపడకుండా పార్టీకి డబ్బు చేర్చే బ్యాంకు పత్రాలకు, అంటే ఎన్నికల బాండ్లకు దారి వేశారు. లాభమే లేని కంపెనీ, నిన్న పుట్టిన కంపెనీ ద్వారా డబ్బు రావడానికి అడ్డు లేకుండా పోయింది. దీని మీద రాజ్యసభలో గట్టి చర్చ జరిగింది. మార్చి 29న సభ అయిదు సవరణలను ఆమోదించింది. వాటిలో సీతారాం ఏచూరి ప్రతిపాదించినవి కంపెనీ విరాళాల గురించే. మరుసటి రోజు లోక్‌సభ అయిదింటినీ తోసిపుచ్చింది. బిల్లును ద్రవ్య బిల్లుగా తెచ్చారు కాబట్టి రాజ్యసభ సిఫారసు చేయగలదే తప్ప ఆపలేదు. ఎన్నికల నిధుల నియమాలను మార్చే బిల్లుపై, రాష్ట్రాలకు ప్రాతినిధ్యం వహించే సభ మాటకు విలువ లేకుండా పోవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బాధపెట్టే సంగతి. ఎన్నికల సంఘం 2017 మే 26న న్యాయశాఖకు రాసిన లేఖలో పారదర్శకత విషయంలో ఇది వెనకడుగని హెచ్చరించింది. రిజర్వు బ్యాంకు కూడా ముందే అభ్యంతరం చెప్పింది.

2018 జనవరిలో పథకం మొదలయింది. స్టేట్ బ్యాంకులో వెయ్యి నుంచి కోటి రూపాయల దాకా బాండ్లు. కొన్న 15 రోజుల్లో పార్టీ మార్చుకోవాలి. గత ఎన్నికలో కనీసం 1 శాతం ఓట్లు వచ్చిన పార్టీకే అర్హత. 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం పథకాన్ని కొట్టేసింది. ఓటరుకున్న సమాచార హక్కుకు అది విరుద్ధమంది. కంపెనీ విరాళాల పరిమితి ఎత్తివేతనూ కొట్టేసింది కాబట్టి 7.5 శాతం మళ్లీ అమల్లోకి వచ్చింది. ద్రవ్య బిల్లుగా తేవడం సరైనదా అన్న ప్రశ్న మాత్రం ఆ తీర్పులో తేలలేదు.

మార్చిలో వివరాలు బయటికొచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి చూస్తే కొనుగోలుదారుల్లో రెండో స్థానంలో ఉన్నది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. పార్టీల్లో బీజేపీకి దాదాపు 6,060 కోట్లు, బీఆర్‌ఎస్‌కు 1,214, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 337, తెలుగుదేశంకు 218 కోట్ల పైన. బాండు కొనడం నేరం కాదు, నాటి చట్టం అనుమతించిందే. ఇక్కడ చూడాల్సింది నిష్పత్తి. తెలంగాణలోని 119 అసెంబ్లీ స్థానాల్లోనూ అభ్యర్థులు 40 లక్షల చొప్పున పూర్తిగా ఖర్చు పెట్టినా 47 కోట్ల 60 లక్షలు. అప్పటి అధికార పార్టీ బీఆర్‌ఎస్‌కు అయిదేళ్లలో బాండ్ల దారిలోనే వచ్చింది దానికి ఇరవై అయిదు రెట్లు. అలాంటి పార్టీకి ఎదురుగా నిలబడే చిన్న పార్టీ అభ్యర్థికీ ఆ 40 లక్షల పరిమితే. ఇద్దరినీ సమానంగా తూచే తక్కెడ అనుకుంటాం, బరువంతా తక్కెడ బయటే ఉంది.

బాండ్లు పోయాక డబ్బు ఎలక్టోరల్ ట్రస్టుల వైపు, అంటే విరాళాలు పోగుచేసి పార్టీలకు పంచే సంస్థల వైపు మళ్లింది. ట్రస్టు తనకు వచ్చినదాంట్లో కనీసం 95 శాతం ఆ ఏడాదే పార్టీలకు ఇవ్వాలి. ఎవరు ట్రస్టుకు ఇచ్చారో, ట్రస్టు ఏ పార్టీకి ఇచ్చిందో తెలుస్తుంది. ఏ కంపెనీ డబ్బు ఏ పార్టీకి చేరిందో మాత్రం తెలియదు, మధ్యలో కలిసిపోతుంది. ఇక 20 వేల రూపాయల లోపు విరాళమిచ్చిన వాళ్ల పేర్లు పార్టీ చెప్పనక్కర్లేదు. నగదు 2 వేలు మించి తీసుకుంటే పన్ను మినహాయింపు పోతుందని 2017లోనే నిబంధన పెట్టారు. పెద్ద మొత్తాన్ని 2 వేల చొప్పున ముక్కలు చేసి రాస్తే దాన్ని పసిగట్టే ఏర్పాటు లేదు.

ముందున్న ప్రతిపాదనలు

ఎన్నికల సంఘం పార్టీ ఖర్చుకూ పరిమితి పెట్టమని కేంద్రానికి ప్రతిపాదించింది. సూత్రం తేలిక. అభ్యర్థి పరిమితిలో సగాన్ని పార్టీ నిలబెట్టిన అభ్యర్థుల సంఖ్యతో గుణించాలి. 440 మంది ఉంటే 209 కోట్లు. పార్టీల అభ్యంతరం కూడా కొట్టిపారేసేది కాదు. పార్టీకి గీత గీస్తే అదే డబ్బు కన్సల్టెన్సీలు, అనుబంధ సంఘాలు, అభిమాన పేజీల ద్వారా ఖర్చవుతుంది, దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం అని. నిజమే. అందుకే అభిమానుల ఖర్చు మీద 176వ సెక్షన్ జరిమానా పెంపును, పార్టీ పరిమితిని ఒకే సవరణలో తేవాలి. ఒకటి తెచ్చి మరొకటి వదిలేస్తే 1969 నాటి పొరపాటే మళ్లీ జరుగుతుంది.

ప్రభుత్వమే ఖర్చు భరించాలన్న వాదన కూడా పాతదే. 1998లో ఇంద్రజిత్ గుప్తా కమిటీ డబ్బుగా కాకుండా వస్తువుల రూపంలో ఇవ్వొచ్చంది. 1999లో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ తన 170వ నివేదికలో దీనికి ఒక షరతు పెట్టింది. మరే దారిలోనూ పార్టీ డబ్బు తీసుకోకూడదని నిషేధించినప్పుడే పూర్తి ప్రభుత్వ నిధులు మంచివి, అంతకు ముందు పార్టీల అంతర్గత వ్యవహారాలను చట్టం కిందికి తేవాలి అని. ఆ షరతు లేకుండా ప్రభుత్వ నిధులు ఇస్తే ఉన్న సంచికి మరో సంచి తోడవుతుంది, అంతే.

నియోజకవర్గాల పునర్విభజన జరిగితే మల్కాజిగిరి వంటివి చీలుతాయి. తలసరి లెక్కలో అంతరం కొంత తగ్గుతుంది. ఓటర్ల సంఖ్యను బట్టి పరిమితి పెట్టడానికి అంతదాకా ఆగక్కర్లేదు. 90వ నియమంలోని పట్టికను మారిస్తే చాలు, చట్ట సవరణ కూడా అవసరం లేదు.

శిక్ష ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి. లెక్క సకాలంలో, సరైన పద్ధతిలో ఇవ్వకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఎ సెక్షన్ కింద మూడేళ్లు అనర్హత. ఏటా ఆ జాబితాల్లో కనిపించేవాళ్లలో ఎక్కువమంది స్వతంత్రులు, చిన్న పార్టీలవాళ్లు. ఓడిపోయాక ఆడిటరు దొరకక, ఫారాలు అర్థంకాక కాగితం పెట్టనివాళ్లు. తప్పుడు లెక్క ఇచ్చినందుకు పదవిలో ఉన్నవారి మీద వేటు పడటం అరుదు. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను 2011 అక్టోబరులో అనర్హురాలిగా ప్రకటించారు. పత్రికల్లో వార్తల రూపంలో వచ్చిన ప్రకటనల ఖర్చు, 21,250 రూపాయలు, లెక్కలో చూపకపోవడం కారణం. గెలిచింది 2007లో. తీర్పు వచ్చేసరికి పదవీకాలం చివరికొచ్చింది.

పరిమితి దాటడం అదే చట్టం 123వ సెక్షన్ ప్రకారం అవినీతి చర్య, ఎన్నికే రద్దవుతుంది. కానీ ఎవరో ఒకరు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేసి, క్రిమినల్ కేసుకు కావాల్సినంత గట్టిగా రుజువు చేయాలి. పిటిషన్‌కు గడువు ఫలితం నుంచి 45 రోజులు. అభ్యర్థి లెక్క దాఖలుకు గడువు 30 రోజులు. చివరి రోజున లెక్క ఇస్తే దాన్ని చదివి, షాడో రిజిస్టరుతో పోల్చి, సాక్ష్యాలు కూడగట్టి, వకీలును పెట్టుకుని పిటిషన్ వేయడానికి మిగిలేది 15 రోజులు. ఆ లెక్కను చూడటానికి మాత్రం అభ్యర్థే అయ్యుండాల్సిన పని లేదు. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం ప్రకారం ఎవరైనా జిల్లా ఎన్నికల అధికారి కార్యాలయానికి వెళ్లి, 1 రూపాయి రుసుము కట్టి, తమ నియోజకవర్గంలో పోటీ చేసిన ఏ అభ్యర్థి లెక్కనైనా తెరిచి చూడొచ్చు. నిర్ణీత రుసుము కడితే ధ్రువీకరించిన నకలు కూడా ఇస్తారు.